తెల్లటి మంచులో తెల్లటి గోడ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు ఒక బొమ్మ పెడతారు. పువ్వో, దేవుడో, సూర్యోదయమో. ఆ మధ్య డిసెంబరులో మా పెద్దబావగారు ఒక మంచు పల్లె చిత్రం పెట్టారు. నాలుగు పూరిళ్ళు, కప్పుల మీద అడుగు మందాన పేరుకున్న మంచు, ఒక కిటికీలో పసుపు వెలుగు, పొగగొట్టం నుంచి నిటారుగా లేచిన పొగ, పక్కన బావి, బావి దాకా తొక్కిన దారి, దూరంగా గుర్రం లాగుతున్న చక్రాల్లేని బండి. కింద "రష్యా పల్లెల ప్రశాంతత, శుభోదయం" అని రాసి ఉంది. వేసిన వాళ్ళ పేరు లేదు. అయిదు నిమిషాల్లో వరసగా దండాలు, చప్పట్లు, "ఎంత ప్రశాంతంగా ఉందో" అనే మెచ్చుకోళ్ళు. ఆ మెచ్చుకోళ్ళలో ఒకటి నాది.

కాసేపటికి మా మేనకోడలు రాసింది: "పెదనాన్నా, అది రష్యా కాదు, ఉక్రెయిన్. గోడ చూడండి."

బావగారు చెడ్డవారేమీ కారు. "మంచు మంచే కదమ్మా, ఎవరిదైతే ఏముంది" అని ఒక నవ్వు ముఖం జోడించారు. ఆ పిల్ల మరి మాట్లాడలేదు. ఉక్రెయిన్ నగరం విన్నిత్సియాలో వైద్యవిద్య నాలుగో సంవత్సరంలో ఉండగా, 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక ఒక సంచీ, ఒక దుప్పటి పట్టుకుని రుమేనియా సరిహద్దు దాటి వచ్చిన పిల్ల. ఆమెకు మంచు మంచే కాదు. ఎందుకు కాదో నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల తర్వాత నాకు మిగిలిన అభిప్రాయం ఒక్కటే: ఇలాంటి చిత్రాల్లో మనం మంచును చూసి ఆగిపోతున్నాం. చూడవలసింది మంచు కప్పలేకపోయిన వాటిని.

అట్ట మీది రష్యా

నాకూ ఒక సాకు ఉంది. డెబ్బయ్యో దశకంలో, ఎనభయ్యో దశకంలో బడికి వెళ్ళిన వాళ్ళకు 'సోవియట్ భూమి' పత్రిక తెలియకపోవడం అరుదు. చదివిన వాళ్ళు తక్కువే. దాన్ని మేము పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి దాచుకునేవాళ్ళం. నున్నటి కాగితం, ఓ పట్టాన చిరిగేది కాదు, పైగా రంగుల బొమ్మలు. నా ఆరో తరగతి లెక్కల నోటుకు ఏడాది పొడుగునా ఒక మంచు పల్లె అట్టగా ఉండేది. బొమ్మ కింద ఊరి పేరు ఉండే ఉంటుంది. ఆ భాగం అట్ట లోపలికి మడతపడిపోయింది.

విశాలాంధ్ర దుకాణంలో రూపాయికీ రెండు రూపాయలకీ దొరికిన మాస్కో పిల్లల పుస్తకాలూ అంతే. అందులో ఏ కథ ఎక్కడిదో, ఏ భాష నుంచి వచ్చిందో మాకు పట్టలేదు. మంచు కనబడితే రష్యా, బొచ్చు టోపీ కనబడితే రష్యా. పదిహేను రిపబ్లిక్కులున్న దేశాన్ని ఒక్క పేరుతో పిలిచాం. ఈ పొరపాటు మన తెలుగువాళ్ళదొక్కటే కాదు, నిజమే. అయినా మనది మనం ఒప్పుకోవాలి.

భాష కూడా సాయపడలేదు. నవంబరు పొద్దున గడ్డిపరకల మీద నిలిచేది మంచు, దారి కనబడకుండా కమ్ముకునేది మంచు, ఫ్రీజరు గోడలకు పట్టేది మంచు, హిమాలయాల మీదున్నదీ మంచే. మేనకోడలు నేర్చుకున్న ఉక్రేనియన్ మాటలు అడిగితే వేళ్ళు మడుస్తూ చెప్పింది: పైనుంచి రాలేది 'స్నీహ్', కొమ్మలకు నూగులా పట్టేది 'ఇనీయ్', నీటి మీద గడ్డకట్టింది 'క్రిహా', పొగలా కమ్మేది 'తుమాన్', నడుమ నడుమ కరిగిపోయే రోజులు 'విద్లీహా'. మంచును ఒకే మాటతో చూసేవాళ్ళం కనుక మనకు అది ఒకే రంగు తెర. ఆ తెర మీద ఎవరి పేరైనా రాయవచ్చు.

గోడ

ఆమె "గోడ చూడండి" అన్నది ఎందుకంటే, రష్యా ఉత్తర ప్రాంతాల పల్లె ఇల్లు దుంగలు పేర్చి కట్టినది, చెక్క రంగులో ఉంటుంది. ఉక్రెయిన్ మధ్య, దక్షిణ ప్రాంతాలు చాలావరకు మైదానం. అక్కడ కలపకు కరువు, మట్టికి లోటు లేదు. కర్రల చట్రానికి గడ్డి, పేడ కలిపిన బంకమట్టి మెత్తుతారు, దాని మీద సున్నమో తెల్లమన్నో పూస్తారు. ఈస్టరు ముందు ఆడవాళ్ళు మళ్ళీ కొత్తగా పూస్తారు. పైన రై గడ్డి కప్పో రెల్లు కప్పో. గోడ అడుగున మట్టి అరుగు. ఈ ఇంటిని వాళ్ళు 'ఖాత' అంటారు. బ్యాంకులో ఉండే ఖాతా కాదు. దీని మొదటి అక్షరం మన హకూ ఖకూ మధ్య ఎక్కడో పలుకుతుంది, తెలుగులో రాయడం నా వల్ల కాలేదు.

ఇంతవరకు అర్థమయ్యాక నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. నేను ఆదివారాలు నీటిరంగులు వేస్తుంటాను, చెప్పుకోదగ్గట్టు కాదు. తెల్ల గోడను తెల్ల మంచులో ఎలా నిలబెడతారు? బావగారు పంపిన బొమ్మనే ఎదురుగా పెట్టుకుని దింపడానికి కూర్చున్నాను. నీటిరంగుల్లో తెలుపు కాగితమే. తెల్లగా ఉండవలసిన చోటు ముట్టుకోకుండా వదిలేయాలి. మొదటిసారి మంచునూ గోడనూ రెంటినీ వదిలేశాను. ఇల్లు మాయమైంది. గడ్డికప్పు ఒక్కటే గాలిలో బోర్లించిన గంపలా తేలింది. రెండోసారి గోడకు పలచగా పసుపుమన్ను రంగు పూసి, దాని ముందున్న మంచు నీడకు నీలం వేశాను. అప్పుడు ఇల్లు నేల మీదికి దిగింది.

తర్వాత ఫోనులో బొమ్మను వేళ్ళతో సాగదీసి చూశాను. ఆ అజ్ఞాత చిత్రకారుడు చేసిందీ అదే. గోడ వెన్న రంగులో ఉంది, చూరు కింద బూడిద రంగు, మంచు ఎక్కడికక్కడ నీలం, ఊదా, కొంచెం గులాబీ. అచ్చమైన తెలుపు బొమ్మ మొత్తంలో ఒకే చోట, బావి గట్టు మీద, గోరంత ఉంది. "తెల్లటి మంచు" అని మనమందరం చూసినదాంట్లో తెలుపే లేదు.

అర్ఖీప్ కుయింజీ అనే చిత్రకారుడు 1876లో వేసిన 'ఉక్రెయిన్ రాత్రి'లో మంచు లేదు, వేసవి. కొండ వాలున ఇళ్ళు, వెన్నెల. ఆ బొమ్మను నిలబెట్టింది చంద్రుడు కాదు, ఆకుపచ్చ ఛాయతో వెలిగే సున్నపు గోడలు. 1878లో మొదలుపెట్టి 1901 దాకా మళ్ళీ మళ్ళీ ముట్టుకున్న 'ఉక్రెయిన్‌లో సాయంత్రం'లో అవే గోడలు పొద్దు గుంకే వేళ ఎర్రబారి ఉంటాయి. సున్నపు గోడ తనకంటూ రంగు లేకుండా వచ్చిన వెలుగునల్లా పట్టుకుంటుంది. దుంగల గోడ అలా పట్టదు, మింగుతుంది. ఆ ప్రాంతపు చిత్రాల్లో కనబడే వెలుగు వెనక ఆడవాళ్ళు ఏటేటా పూసిన సున్నం ఉందని నాకనిపిస్తుంది.

ఈ సిద్ధాంతం నాకు ఎంత నచ్చిందో, దానికి అంత తొందరగా దెబ్బ తగిలింది. మేనకోడలు విన్నిత్సియాలో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు ఉండేది. ఇప్పటికీ ఫోను చేసుకుంటారు. ఈ బొమ్మ ఆవిడకు పంపి అడిగితే, ఆవిడ నవ్వి, చలికాలంలో గోడ అలా నేల దాకా కనబడే ఇల్లు తన చిన్నప్పుడు చూడలేదన్నదట. మొక్కజొన్న చొప్పో గడ్డో కిటికీ అంచు దాకా గోడకు ఆనించి దడిలా కట్టేవాళ్ళు, చలి లోపలికి రాకుండా. దానికి 'జహాత' అని పేరు కూడా ఉంది. అంటే నేను రెండు ఆదివారాలు కష్టపడి నిలబెట్టిన గోడలో సగం, నిజమైన చలికాలంలో చొప్ప వెనక ఉంటుంది. చిత్రకారుడు అందం కోసం దడి తీసేశాడు. లేదా వేసవిలో చూసిన ఇంటి మీద మంచు కురిపించాడు.

ఏతం, కావడి

'ప్రశాంతం' అన్న మాట దగ్గరికి వస్తాను. నేనూ ఆ మాటే రాశాను కదా.

ఆ బొమ్మలో బావి పక్కన ఒక పొడుగాటి కర్ర ఆకాశంలోకి ఏటవాలుగా లేచి ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఎండిన చెట్టనుకున్నాను. అది ఏతం. చీలిన గుంజ మీద అడ్డంగా పెద్ద దూలం, ఒక కొసన బరువు, ఇంకో కొస నుంచి వేలాడే బాన. వాళ్ళు దాన్ని 'జురావెల్' అంటారు, అంటే కొంగ. మన ఏతం పొలానికి నీళ్ళు తోడింది, వాళ్ళది ఇంటికి. తోడిన నీళ్ళు మోయడానికి వంపు తిరిగిన బద్ద, రెండు కొసలా రెండు బకెట్లు. కావడి అనడానికి నేనేమీ సందేహించను. బొమ్మలో ఆ కావడి మోస్తున్న ఆడమనిషి ఉంది. చిన్న మచ్చ, ఎర్ర రుమాలు, అంతే. గ్రూపులో ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు.

సున్నా కింద పది డిగ్రీల చలిలో చేతి తొడుగులతో ఏతం కర్ర లాగడం, తొణికిన నీళ్ళు బావి చుట్టూ గడ్డకట్టి జారుడుబండ అవడం, ఇంటికి చేరేలోపు బకెట్ల మీద పలచటి పెచ్చు కట్టడం. ఇదంతా రోజూ. పశువులుంటే రోజుకు నాలుగైదు సార్లు. బొమ్మలో మనకు హాయిగా కనబడిన పొగ కూడా ఎవరో కట్టెలు కొట్టి తెచ్చి, పొద్దు పొడవక ముందే పొయ్యి రాజేస్తేనే వచ్చింది. ఆ పొయ్యి మన పొయ్యిలాంటిది కాదు. గదిలో నాలుగో వంతు ఉండే మట్టి కట్టడం. వంట అందులోనే, ముసలివాళ్ళూ పిల్లలూ పడుకునేది దాని మీదే.

ఉక్రేనియన్ నెలల పేర్లు తెలిశాక నాకు ఈ చిత్రాలు మరో రకంగా కనబడసాగాయి. రష్యన్‌లో నెలలు లాటిన్ నుంచి వచ్చిన పేర్లే, మన జనవరి ఫిబ్రవరి లాగా. ఉక్రేనియన్‌లో డిసెంబరు 'హ్రూదెన్', అంటే గడ్డలు: మంచు పడకముందే బురద దారి పెళ్ళలుగా గడ్డకట్టి బండి నడవనివ్వని నెల. జనవరి 'సీచెన్', నరకడం అన్న మాట నుంచి వచ్చింది. ఫిబ్రవరి 'ల్యూతియ్', క్రూరమైనది. చలికాలం మూడు నెలలకు దారి కష్టం, గొడ్డలి పని, క్రూరత్వం అని పేర్లు పెట్టుకున్న ఊళ్ళ బొమ్మ కింద మనం 'ప్రశాంతత' అని రాశాం.

అయితే ఇక్కడ నన్ను నేనే ఆపుకుంటున్నాను. ఆ ఊరివాళ్ళకు మాత్రం చలికాలం కష్టమొక్కటేనా? కోతలు అయిపోయి, కళ్ళం పని తీరి, పెళ్ళిళ్ళకూ పాటలకూ వీలు చిక్కేది అప్పుడే. క్రిస్మస్ రోజుల్లో పిల్లలు గడప గడపకూ తిరిగి పాడే 'కొల్యాద్కీ', గోధుమలూ గసగసాలూ తేనే కలిపిన 'కుత్యా', ఇంటి మూల నిలబెట్టే ధాన్యపు వెన్నుల కట్ట. మేనకోడలు 2019 జనవరి 7న ఆ పెద్దావిడ స్వగ్రామంలో ఇవన్నీ చూసింది. (2023 చట్టంతో అక్కడ క్రిస్మస్ సెలవు, రష్యా పాటించే జనవరి 7 నుంచి డిసెంబరు 25కి మారింది. పండగ తేదీ కూడా ఎవరి వైపు నిలబడ్డామో చెప్పే సంగతి అయిపోయింది.) కాబట్టి చిత్రకారుడు పండగ వేసినా, విశ్రాంతి వేసినా అబద్ధమాడినట్టు కాదు. నా ఫిర్యాదు ఆయన మీద కాదు. కావడి మోసే మనిషిని ఆయన వేశాడు, మేము చూడలేదు.

చిత్రకారుడిది ఏ ఊరు?

"ఎవరిదైతే ఏముంది" అన్న బావగారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. ఎందుకంటే 'ఎవరిది' అని నిజంగా తేల్చబోతే తల తిరుగుతుంది.

కుయింజీనే తీసుకోండి. ఇప్పటి ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో పుట్టాడు, గ్రీకు కుటుంబం. ఇంటిపేరు కంసాలి అనే అర్థమున్న తుర్కీ మాట. పేరు తెచ్చుకున్నది, పోయింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2023లో ఆయన పేరు పక్కన రష్యన్ అన్నది తీసి ఉక్రేనియన్ అని మార్చింది. అంతకు ముందు ఏడాది మార్చిలో మరియుపోల్‌లోని కుయింజీ మ్యూజియం బాంబు దాడిలో ధ్వంసమైంది. లండన్ నేషనల్ గ్యాలరీ 2022లో ఫ్రెంచి చిత్రకారుడు దెగా వేసిన 'రష్యన్ నర్తకులు'ను 'ఉక్రేనియన్ నర్తకులు'గా మార్చింది. వాళ్ళ తలల మీది, ఉక్రెయిన్ జెండా రంగులైన నీలం పసుపు రిబ్బన్లు అంతకాలం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇవాన్ పొహితోనోవ్ ఖెర్సన్ ప్రాంతంలో పుట్టి, బ్రతుకులో చాలా భాగం ఫ్రాన్సులో, బెల్జియంలో గడిపాడు. పోస్టుకార్డంత చిన్న చెక్క పలకల మీద ఉక్రెయిన్ చలికాలపు మునిమాపులను వేశాడు. ట్రుతోవ్‌స్కీ అనే ఆయన క్రిస్మస్ పాటల బృందాన్ని వేసి దానికి 'మలోరొస్సియాలో కొల్యాద్కీ' అని పేరు పెట్టాడు. మలోరొస్సియా అంటే చిన్న రష్యా. మా బావగారి శీర్షికకు పూర్వీకులున్నారన్నమాట.

అందుకే చిత్రకారుడి పుట్టుక పత్రం అడగడం కన్నా గోడను అడగడం మేలు అని నేను అనుకున్నాను. బొమ్మకు ఊరు ఉంటే అది బొమ్మలోనే ఉంటుంది కదా. మేనకోడలు ఒక్క వాక్యంతో దీన్నీ పడగొట్టింది. ఉత్తరాన పొలీస్యాలోనూ, పడమర కార్పాతియన్ కొండల్లోనూ ఉక్రేనియన్ల ఇళ్ళు కలపవే. మరోపక్క కుబాన్, వొరోనెజ్ లాంటి ఇప్పటి రష్యా ప్రాంతాల్లోనూ వలస వెళ్ళినవాళ్ళు కట్టుకున్న సున్నపు ఇళ్ళున్నాయి. గోడ ఒక్కటే సాక్షి అంటే ఆ సాక్షిని సరిహద్దుకు రెండు పక్కలా పిలవాలి.

ఇంకా చిక్కు మలేవిచ్‌తో వచ్చింది. కజిమీర్ మలేవిచ్ కీవ్‌లో పుట్టాడు, పోలిష్ తల్లిదండ్రులు. తండ్రి చక్కెర మిల్లుల ఉద్యోగి కావడంతో బాల్యం ఉక్రెయిన్ పల్లెల్లో గడిచింది. రైతు ఇళ్ళ ఆడవాళ్ళు గోడలకు మట్టి మెత్తడం, పొయ్యి మీద ముగ్గుల్లాంటివి వేయడం చూసి మోజుపడ్డానని ఆయనే రాసుకున్నాడు. 1912లో 'మంచు తుపాను తర్వాత పల్లెలో ఉదయం' వేశాడు. ఇప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్‌లో ఉంది. అందులో మంచు దిబ్బలు, ఇంటి కప్పులు, మనుషుల బట్టలు అన్నీ శంకువులుగా, గొట్టాలుగా, ఒకే రేకును వంచి చేసినట్టు ఉంటాయి. గోడ ఏ మట్టిదో చెప్పలేం. ఊరి పేరు లేదు. అది ఎవరి పల్లె? నాకు తేల్చడం చేతకాలేదు. కానీ ఒక్కటి గమనించాను: ఆ బొమ్మ చూసి ఎవరూ 'ఎంత ప్రశాంతంగా ఉందో' అనలేరు. అందులో మంచుకు బరువుంది, మనుషులకు పనుంది.

పేరు అనవసరం అనేవాళ్ళకు ఒక సంవత్సరం గుర్తుచేస్తాను. కుయింజీ 'ఉక్రెయిన్ రాత్రి' వేసిన 1876లోనే జారు చక్రవర్తి జర్మనీలోని ఎమ్స్ పట్టణం నుంచి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు అచ్చు వేయడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన ఉత్తర్వు అది. భాష మీద అంత కక్ష, అదే ఊళ్ళ బొమ్మలకు మాత్రం రాజధానిలో చప్పట్లు. సున్నపు గోడలు ముచ్చటగా ఉంటాయి, ఎదురు మాట్లాడవు. మాట తీసేసి దృశ్యం ఉంచుకోవడం ఏలినవారికి ఎప్పుడూ సులువే.

పొగ లేని ఇళ్ళు

1932-33 చలికాలం గురించి చదివాక ఇలాంటి బొమ్మలో నా కన్ను ముందు పొగగొట్టం మీదికే వెళుతోంది. ధాన్యం లెక్క తేలలేదని సోవియట్ ప్రభుత్వపు మనుషులు ఇంటింటికీ వచ్చి, ఇనప చువ్వలతో నేలా గోడలూ పొడిచి, దొరికిన గింజనల్లా పట్టుకుపోయారు. 1933 జనవరిలో ఆకలికి ఊరు విడిచి పోకుండా దారులు కట్టేశారు. చచ్చిపోయినవారు లక్షల్లో ఉన్నారు. ఆ కాలపు పల్లెను ఉన్నదున్నట్టు వేసి బయట పెట్టే వీలు ఏ చిత్రకారుడికీ లేదు. మలేవిచ్ ఆ ఏళ్ళలో ముఖాలు లేని రైతులను వేశాడు. ఇప్పుడు ఏటా నవంబరు నాలుగో శనివారం మునిమాపున ఉక్రెయిన్‌లో కిటికీలో కొవ్వొత్తి పెడతారు, ఆ చనిపోయినవాళ్ళ కోసం. మంచు పల్లె బొమ్మల్లో తప్పనిసరిగా కనబడే పసుపు కిటికీ నాకు ఆ తర్వాత మునుపటిలా కనబడలేదు.

ఇదంతా ఫోనులో మేనకోడలికి ఆవేశంగా చెబుతుంటే ఆమె విని, "మామయ్యా, నేను చూసిన ఊళ్ళో మనుషులు టీవీ చూస్తారు, సారా తాగుతారు, కోడలి మీద చాడీలు చెబుతారు. మీరిప్పుడు వాళ్ళను విషాదంలోకి పంపిస్తున్నారు. పెదనాన్న ప్రశాంతతలోకి పంపించారు. ఇద్దరూ ఒకటే" అన్నది. నాకు కోపం వచ్చింది, తర్వాత తగ్గింది. ఆమె చూసిన ఊళ్ళో గడ్డికప్పులు లేవు, సిమెంటు రేకులే. గడ్డికప్పు ఇళ్ళు చూడాలంటే కీవ్ పక్కన పిరోహివ్‌లోని ఆరుబయలు మ్యూజియానికి వెళ్ళాలి. ఆమె చూసిన ఊళ్ళో ప్రతి ఇంటి ముందు నుంచీ మనిషి ఎత్తులో పసుపు రంగు గ్యాసు గొట్టం పోతుంది, గేటు వచ్చిన చోట పైకెక్కి మళ్ళీ దిగుతుంది. ఆమెకు ఆ ఊరంటే మంచులో ఆ పసుపు గీత. ఏ చిత్రంలోనూ దాన్ని చూడలేదట.

మూడో ఆదివారం నా బొమ్మ పూర్తి చేశాను. జహాత పెట్టాను, కిటికీ అంచు దాకా. గొట్టం పెట్టే ధైర్యం రాలేదు. ఏతం బాగా కుదిరింది, కావడి మోసే ఆవిడను అసలు బొమ్మలో కన్నా పెద్దగా, ముందుకు తెచ్చి వేశాను. ఇంటికీ బావికీ మధ్య మంచును మాత్రం కాగితం అలాగే వదిలేశాను. అంత తెల్లగా, అంత శుభ్రంగా కుదిరింది, చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. ఫోటో తీసి మేనకోడలికి పంపాను.

అరగంటకు జవాబు వచ్చింది: "బాగుంది మామయ్యా. కానీ బావి నుంచి ఇంటి దాకా ఒక్క అడుగు గుర్తు లేదు. ఈవిడ ఎలా వచ్చింది?"